కూర్చునే ఉన్నావుగా

సజిత కొబ్బరి కోరుతోంది. పీట మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుని, పీటకి ముందు నాలుకలా పొడుచుకొచ్చిన ఇనప పళ్ళకి చిప్పని ఆనించి తిప్పుతోంది. పొద్దున ఆవిరి మీద ఉడికే బియ్యప్పిండి పుట్టులోకి ఒక చిప్ప, మధ్యాహ్నం కూరలోకి ఒకటి, చేపల పులుసులోకి పాలు తియ్యడానికి ఇంకో రెండు. ఈ ఇంట్లో కొబ్బరి తగలకుండా ఏదీ గొంతు దిగదు. ఇంటి పనుల్లో ఆమె కూర్చుని చేసేది ఇదొక్కటే కాబట్టి, మిగతావాళ్ళకి వాళ్ళ వాళ్ళ పనులు గుర్తొచ్చేది కూడా సరిగ్గా ఇప్పుడే.

“సజితా, కూర్చునే ఉన్నావుగా, ఆ చేత్తోనే నాలుగు ఉల్లిపాయలు తరిగి పడెయ్యి,” వరండాలోంచి అత్తగారు విలాసిని.

“సజీ, కూర్చునే ఉన్నావుగా, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కాస్త చూడు,” పడగ్గదిలోంచి భర్త సుధీష్.

కూర్చునే ఉన్న మనిషి పక్క గదిలో కళ్ళజోడు ఎలా చూస్తుందో, లేచి వెళితే ఈ చిప్ప ఎవరు కోరతారో ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సజిత లేచింది, కళ్ళజోడు టీవీ మీదే ఉంది, తెచ్చిచ్చింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. పెళ్ళయి పదిహేనేళ్ళయినా ఆ మాట వినగానే మోకాళ్ళు వాటంతటవే లేస్తాయి. ముందు లేచి, తర్వాత కోపం తెచ్చుకోవడం ఆమెకి అలవాటైపోయింది.

ఆవేళ బుట్టలో మిగిలినవి రెండే కాయలు. పెరడు నిండా చెట్లున్నాయి, చెట్ల నిండా కాయలున్నాయి, దింపే మనిషే లేడు. ఎప్పుడూ వచ్చే అయ్యప్పన్ మోకాళ్ళు అరిగిపోయి కూతురింటికి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు ఫోనెత్తరు, ఎత్తినా రేపంటారు. కిందటి వారం ఒక ఎండుకాయ దానంతటదే రాలి బాత్‌రూమ్ రేకు పగలగొట్టింది. సొంత చెట్లుండి అంగట్లో కాయ కొనడమంటే విలాసినికి తల కొట్టేసినట్టుంది.

“నేను నేర్చుకుని ఎక్కితే?” అని సజిత ఆ మధ్య ఒకసారి అంది. ఆడవాళ్ళకి కొబ్బరి దింపడం నేర్పుతామని పంచాయతీ ఆఫీసు గోడమీద కాగితం అంటించారు. పాత పద్ధతిలో కాళ్ళకి తాడు కట్టుకుని కాదు, కాండం చుట్టూ బిగిసే ఇనప మెషీనుతో.

సుధీష్ టీ కప్పు పట్టుకుని పొలమారేలా నవ్వాడు. “నీకు కళ్ళు నెత్తికెక్కాయని తెలుసు గానీ, మనిషివే ఎక్కేస్తానంటావని అనుకోలేదు.”

“మా ఇంటి కోడలు చెట్టెక్కిందంటే నలుగురూ ఏమనుకుంటారు?” అంది విలాసిని.

కాయలు దిగాయనుకుంటారు అని సజిత మనసులో అనుకుంది. పైకి అనలేదు. అప్పటికింకా ఆమెకే తెలియదు, తను నిజంగా అన్నదో, ఉక్రోషంకొద్దీ అన్నదో.

ఉద్యోగాలు ఆమెకి కొత్తేమీ కాదు. అన్నీ ఇంట్లోవాళ్ళు ఏరికోరి చూపించినవే, ‘ఆడవాళ్ళకి హాయి’ అని ముద్ర పడి వచ్చినవే. పెళ్ళయిన కొత్తలో బీమా ఏజెంటు. నీ మాటతీరుకి ఊరు ఊరంతా పాలసీలు కడుతుందని సుధీష్ మునగచెట్టెక్కించాడు. ఊరంటే తన పుట్టింటి చుట్టాలేనని, వాళ్ళ గడపల్లో మొహమాటం చంపుకుని నిలబడాలని చేరాక తెలిసింది. తర్వాత ఇంట్లోనే కుట్టుమిషను. గడప దాటక్కర్లేదు, ఇంతకన్నా హాయి ఏముందంది విలాసిని. గడప దాటకపోవడమంటే కుడుతున్నంతసేపూ పొయ్యి మీద అన్నం, వీధిలో గ్యాస్ బండ, గుమ్మంలో కరెంటు బిల్లు అన్నీ తనవేనని మిషను ముందు కూర్చున్నాక తెలిసింది. ‘కూర్చునే ఉన్నావుగా’ అన్న మాట ఈ ఇంట్లో పుట్టిందే ఆ మిషను దగ్గర. ఆ తర్వాత నర్సరీ బడి. మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉండొచ్చన్నారు. మధ్యాహ్నం ఇంట్లో తనకోసం ఏం ఎదురుచూస్తోందో ఎవరూ చెప్పలేదు. అన్ని సార్లూ మునగచెట్టు ఎక్కించినవాళ్ళే ఇప్పుడు కొబ్బరిచెట్టు ఎక్కొద్దంటున్నారు కదా అని ఆమెకి ఒళ్ళు మండింది.

వీటన్నిటికన్నా ముందు కళ్ళు మూసుకుని చేరిన ఉద్యోగం పెళ్ళి. సుధీష్ ఆమెని చూడ్డానికి వచ్చినప్పుడు పెద్దవాళ్ళు కాసేపు మాట్లాడుకోమని ఇద్దరినీ వరండా చివరికి పంపారు. అతను “పుట్టు చెయ్యడం వచ్చా?” అని అడిగాడు. వచ్చంది. “నన్నేమైనా అడగాలా?” అన్నాడు. రాత్రంతా మేలుకుని కూడబెట్టుకున్న ప్రశ్నలన్నీ ఎటో పోయాయి. “మీ బావి వేసవిలో ఎండిపోతుందా?” అని అడిగింది. ఎండదన్నాడు. అన్నమాట నిజమే, ఆ బావి ఏ వేసవిలోనూ ఎండలేదు. నీళ్ళు తోడేదెవరని అడగడం మర్చిపోయింది. తర్వాత ఆనవాయితీ ప్రకారం ఆమె తరఫు మగవాళ్ళు పెళ్ళికొడుకు ఇల్లు చూడ్డానికి వెళ్ళారు. ఎర్ర వరండా అద్దంలా ఉందన్నారు, టేకు తలుపులన్నారు, బావి నీళ్ళు తియ్యగా ఉన్నాయన్నారు. టీ తాగి, నూనెలో వేయించిన అరటికాయ ఉప్పేరి తిని వచ్చారు. ఒక్కడు కూడా హాలు దాటలేదు. వంటింటి ఏకైక కిటికీ పక్కింటి గోడలోకి తెరుచుకుంటుందని, బట్టలుతికే బండ మిట్టమధ్యాహ్నం ఎండలో ఉంటుందని వాళ్ళెవరూ చూడలేదు. ఆ ప్రాంతంలో ఇల్లు చూడ్డమంటే ఇంటి ముందు భాగం చూడ్డమే.

అందుకని ఈసారి వెనకనించి చూడాలనుకుంది.

రేవు దాటితే అవతలి ఊళ్ళో తంకమణి ఉంది. యాభై దాటిన మనిషి, ఏళ్ళ తరబడి కొబ్బరి దింపుతోంది. సజిత వెళ్ళేసరికి ఎవరింటి పెరట్లోనో కొబ్బరి డొక్కల కుప్ప మీద కూర్చుని పాలు లేని టీ తాగుతోంది.

“నేర్పమని రాలేదు చేచ్చీ, ఎలా ఉంటుందో చూడ్డానికొచ్చా,” అక్కా అన్న వరసలో అంది సజిత.

“చూడ్డానికేముంది? ఎక్కాలి, కొయ్యాలి, దిగాలి.”

“అది ముందు వైపు. వెనక వైపు చెప్పండి. ఈ పనిలో ముందు ఏది నొప్పి పుడుతుంది?”

తంకమణి కప్పు కింద పెట్టి ఆమెని ఎగాదిగా చూసింది. “నోరు,” అంది.

“నోరా?”

“నోరే. మొగుడు ఒప్పుకున్నాడా, పిల్లలున్నారా, భయమెయ్యదా, పడితే ఎవరు చూస్తారు... ప్రతి గుమ్మంలోనూ ఇవే. జవాబులు చెప్పి చెప్పి దవడలు లాగుతాయి. తొడలు లాగేది ఆ తర్వాత.”

సజిత నవ్వింది గానీ వదల్లేదు. అడగడానికి సిగ్గనిపించినవన్నీ సిగ్గు విడిచి అడిగింది. నెలసరి రోజుల్లో ఏం చేస్తారు? ఎక్కాలనిపిస్తే ఎక్కుతా, లేకపోతే లేదు, ఎవడికీ చెప్పను అంది తంకమణి. మధ్యలో బాత్‌రూమ్‌కి వెళ్ళాల్సొస్తే? “ఆడవాళ్ళున్న ఇల్లయితే అడుగుతా. లేకపోతే నీళ్ళు తాగడం మానేస్తా. తప్పేనమ్మా, ఒకసారి మంటతో పదిరోజులు ఆసుపత్రి చుట్టూ తిరిగాను కూడా. అయినా మానేస్తా.” వానల్లో? “వానల్లో కాండానికి పాచి పడుతుంది. ఎక్కను. కాళ్ళు పట్టుకున్నా ఎక్కను. ఆ నెలలు పస్తుల్లాంటివే అనుకో.” కింద నిలబడి పైకి చూసే మగాళ్ళు? “ప్యాంటు వేసుకో. చూస్తున్నాడనిపిస్తే ఒక ఎండుమట్ట వదులు. ముందు ‘జాగ్రత్త’ అని అరిచి వదులు, ఎవరూ వేలెత్తి చూపలేరు.” మగవాళ్ళకిచ్చినంత ఇస్తారా? “తగ్గించి ఇస్తామంటారు. చెట్టేమైనా పొట్టిదైందా అని అడుగుతా.”

చివరికి సజితే ఊపిరి తీసుకోడానికి ఆగింది. తంకమణి లేచి తలకి చుట్టుకున్న పాత తువ్వాలు దులిపి భుజానేసుకుంది.

“ఇంతసేపు అడిగావు గానీ, అడగాల్సింది అడగలేదు. మొదటి చెట్టు చూసి మోజు పడకు. మొదటి చెట్టు ఎవరైనా ఎక్కుతారు. గాలి తగులుతుంది, ఏరు కనపడుతుంది, రాణీగారిలా ఉంటుంది. సాయంత్రం ఆఖరి చెట్టు దగ్గర నీ నోట్లోంచి ఏం మాట వస్తుందో విని, అప్పుడు చేరు.”

ఓణం వెళ్ళిన దగ్గర్నించి క్రిస్మస్ దాకా సజిత తంకమణి వెనక తిరిగింది. ఇంట్లో దాచలేదు. పని చూడ్డానికి వెళుతున్నానని చెప్పే వెళ్ళింది. నాలుగు రోజులు సరదా తీర్చుకోనీ అన్నాడు సుధీష్. కూతుర్ని బడికి పంపి, వంట ముగించి, రేవు దాటి వెళ్ళి, ముందు కాయలు ఏరింది, తర్వాత గుట్ట పోసింది, తర్వాత తంకమణి పాత మెషీను మీద కూర్చుంది. రెండు ఇనప చట్రాలు, పైదానికి చిన్న సీటు, కిందిదానికి పాదాలు పెట్టే కమ్మీలు. సీటు మీద కూర్చుని కాళ్ళతో కింది చట్రాన్ని పైకి లాక్కోవాలి, నిలబడి పై చట్రాన్ని జరపాలి. లేవడం కూర్చోవడం, లేవడం కూర్చోవడం. ఇది నాకు వంటింట్లోనే వచ్చేసింది చేచ్చీ అంటే తంకమణి పడీ పడీ నవ్వింది.

మొదటి చెట్టు తంకమణి చెప్పినట్టే రాణీగారిలాగే ఉంది. ఆఖరి చెట్టు ఒక రోజు మాత్రం ఆమెని ఏడిపించింది. తొడలు వణుకుతున్నాయి, మొవ్వులో ఎర్రచీమలు మెడ మీదికి పాకాయి, కింద ఇంటావిడ ఆ మూల గెల వదిలేశావని అరుస్తోంది. ఛీ, నాకెందుకీ దిక్కుమాలిన పని అని సజిత పైకే అనుకుంది. అనుకుని కళ్ళు తుడుచుకుని గెల కోసి దిగింది. ఆ సాయంత్రం పడవలో వస్తుంటే గమనించింది, పని మీద కోపమొచ్చింది గానీ తన మీద తనకి రాలేదు. బీమా కాగితాలప్పుడు రోజూ తన మీదే వచ్చేది. భయం కూడా పోలేదు. అది తనతో పాటు ఎక్కుతుందని, దాన్ని దింపేసి వెళ్ళాల్సిన పన్లేదని ఒప్పేసుకుంది.

ఎక్కే ముందు కూత పెట్టాలి. అది అక్కడి ఆచారం. “కూ...య్” అని ఒకసారి గొంతెత్తితే, చుట్టుపక్కల పెరళ్ళలో స్నానం చేస్తున్నవాళ్ళు, నైటీ ఎగదోపి బట్టలుతుకుతున్నవాళ్ళు సర్దుకుంటారు. మనం ఆడవాళ్ళమేగా, మనకెందుకు కూత అని సజిత అడిగితే, “పైన ఒక మనిషి ఉందని వాళ్ళకి తెలియొద్దటే?” అంది తంకమణి. పైనుంచి చూస్తే ఆ ఊరు వేరేలా ఉంటుంది. రోడ్డు మీంచి ఒక్కో ఇల్లూ ఒక్కో రంగు, ఒక్కో గేటు. పైనుంచి అన్ని ఇళ్ళ వెనక వైపూ ఒక్కటే. ఉతికే బండ, తోమాల్సిన గిన్నెలు, వాటి మీదికి వంగిన ఒక ఆడమనిషి. ఆ పెరళ్ళలో కూర్చున్న ఆడది ఆమెకి కనపడలేదు. ఆ ఊళ్ళన్నిట్లో ఆ వేళప్పుడు కూర్చుని ఉన్నది బహుశా తనొక్కతే. అంత ఎత్తున ఎవరూ కూర్చునే ఉన్నావుగా అనలేదు. అది తట్టినప్పుడు ఆమెకి నవ్వాగలేదు, కత్తి జారిపోతుందని గట్టిగా పట్టుకుంది.

క్రిస్మస్ సెలవుల్లో, తంకమణి ఇచ్చేసిన పాత మెషీను ఇంటికి తెచ్చుకుని, సుధీష్‌తో చెప్పేసింది. “చేట్టా, అన్నీ చూసుకున్నా. ఏది బావుంటుందో తెలుసు, ఏది బావుండదో ఇంకా బాగా తెలుసు. నేను ఈ పనిలో చేరుతున్నా. పొద్దున్నే బయల్దేరాలి, ఎండెక్కకముందే సగం చెట్లు అయిపోవాలి.”

సుధీష్‌కి ఈసారి నవ్వు రాలేదు. సహకార బ్యాంకులో కౌంటరు వెనక కూర్చునే మనిషి, బేరం కుదర్చడం తెలిసినవాడు. “పొద్దున్న వంట?”

“అదే అడుగుతున్నా. ఎవరు చేస్తారు?”

తల్లీ కొడుకూ లోపల మాట్లాడుకున్నారు. బయటికొచ్చి సుధీష్ చాలా ఉదారంగా చెప్పాడు. “చూడు సజీ, అజేష్‌కి సంబంధం చూస్తున్నాం కదా. ఆ పిల్ల వచ్చేసిందనుకో, పొద్దున్న వంటిల్లు ఆ పిల్ల చూసుకుంటుంది. నువ్వు హాయిగా చెట్లెక్కు. ఎవరూ ఒక్క మాట అనరు, అమ్మ కూడా ఒప్పుకుంది. కానీ సంబంధం కుదిరేదాకా చెట్టు మాట ఎత్తకు. ఆ మెషీను ఎవరికంటా పడకూడదు.”

అజేష్ సుధీష్ తమ్ముడు, పాలక్కాడ్‌లో ఉద్యోగం. సజితకి ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు, అది నిజం. గెలిచాననుకుంది. తెల్లవారి పీట మీద కూర్చుని చిప్ప తిప్పుతుంటే మాత్రం, ఈ పీట ఖాళీ కాబోవడం లేదు, దీని మీద కూర్చునే మనిషి మారబోతోంది అని ఒక ఆలోచన వచ్చింది. దాన్ని కొబ్బరితో పాటు కోరి పక్కన పడేసింది. మెషీనుని కట్టెల కొట్టంలో గోనెపట్టా కింద దాచింది.

పిల్ల తరఫువాళ్ళు ఇల్లు చూడ్డానికి వచ్చింది ఒక ఆదివారం. ముగ్గురు మగవాళ్ళొస్తారనుకున్నారు. జీపులోంచి వాళ్ళ వెనకాల పిల్ల కూడా దిగింది. విలాసిని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“అతుల్య తనూ వస్తానంది,” అన్నాడు పిల్ల మేనమామ ప్రభాకరన్, కాస్త సిగ్గుపడుతూ. “మేం వద్దన్నాం. వింటేగా.”

“ఉండబోయేది నేనే కదా మామా,” అంది అతుల్య. త్రిశూర్‌లో ఏదో ల్యాబులో పనిచేసే పిల్ల, రోజంతా మనుషుల నెత్తురు తీసి నిజం బయటపెట్టడం అలవాటు.

మగవాళ్ళు వరండా చూశారు. తలుపులు తట్టి చూశారు. బావి నీళ్ళు తోడించుకుని తాగి తియ్యగా ఉన్నాయన్నారు. సజిత ద్వారం దగ్గర నిలబడి, పదిహేనేళ్ళ కిందట తనవాళ్ళూ ఇలాగే, ఈ వరసలోనే అని ఉంటారనుకుంది. అప్పుడు ప్రభాకరన్ పెరటివైపు తలెత్తి చూసి అడిగాడు. “ఇన్ని చెట్లున్నాయి కదా, ఒక బొండం కొట్టించకూడదూ? ఎండ చంపేస్తోంది.”

విలాసిని సీసాలోంచి పోసిన నారింజ నీళ్ళ గ్లాసులతో అక్కడే ఆగిపోయింది. “దింపేవాడు... రేపొస్తానన్నాడు.”

“ఓహో,” అన్నాడు ప్రభాకరన్. కొబ్బరిచెట్లున్న ఇంట్లో చుట్టానికి బొండం ఇవ్వలేకపోవడమంటే అన్నం ఉడకలేదని చెప్పడమే. సుధీష్ నేల చూపులు చూశాడు. అజేష్ ఫోను చూశాడు.

సజిత లోపలికి వెళ్ళి మళ్ళీ పీట మీద కూర్చుంది. భోజనానికి ఇంకా కొబ్బరి కావాలి. వెనకే అడుగుల చప్పుడు. అతుల్య వంటింట్లోకి వచ్చి, ఆ కిటికీ దగ్గరికి వెళ్ళి, బయట గోడని ఒకసారి చూసి, వెనక్కి తిరిగింది.

“చేచ్చీ, మీతో ఒక్క మాట. వీళ్ళు మంచివాళ్ళేనా అని అడగట్లేదు. మంచివాళ్ళేనని అందరూ చెప్పారు. ఇక్కడ రోజు ఎలా ఉంటుంది?”

సజిత చెయ్యి చిప్పలోనే ఆగింది. ఆ ప్రశ్న ఆమెకి బాగా తెలుసు. రేవు దాటి మరీ అడిగి వచ్చిన ప్రశ్న. జవాబు కూడా నాలిక మీదే ఉంది, ఒక్కటే మాట, హాయి. ఆ మాట అంటే చాలు, సంబంధం కుదురుతుంది, సుధీష్ మాట మీద నిలబడతాడు, మెషీను కట్టెల కొట్టంలోంచి బయటికొస్తుంది, పెళ్ళయిన మర్నాటినించి తెల్లవారుజామున రేవులో మొదటి పడవ తనది. ఎంతమంది తనతో ఎంత తేలిగ్గా అన్నారు ఆ మాట! పిల్ల కళ్ళలోకి చూస్తూ అనడం ఇంత కష్టమని తెలిసుంటే వాళ్ళు అనేవాళ్ళు కాదేమో. లేదు, అనేవాళ్ళే, వాళ్ళెవరూ కళ్ళలోకి చూడలేదు.

“ఇక్కడ...” అని మొదలుపెట్టింది.

“సజితా,” హాల్లోంచి విలాసిని గొంతు. “కూర్చునే ఉన్నావుగా, ఇంకో ప్లేటు ఉప్పేరి పట్రా!”

అతుల్య ఆమె చేతిలో చిప్పని, కోరుతో తెల్లబడ్డ వేళ్ళని చూసింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

“అదిగో, అదే,” అంది సజిత. “రోజు అలా ఉంటుంది.” ఇంక ఆగలేదు. “ఇక్కడ ఎవరూ చెయ్యెత్తరు. అరవరు కూడా. అడిగితే పండక్కి చీర కొంటారు. కానీ నువ్వు కూర్చోగానే ఎవరికో ఒకరికి ఏదో గుర్తొస్తుంది. ముందు అదే నొప్పి పుడుతుంది.”

“అజేష్?”

“మంచి పిల్లాడే. తిన్న కంచం తనే తీస్తాడు, తీసి సింకులో పెడతాడు. అక్కణ్ణించి అది దానంతటదే కడుక్కుంటుందని అతని నమ్మకం. ఎవరూ అతనికి చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు. ఇంకోటి కూడా విను. నువ్వొస్తే పొద్దున్న వంట నీకప్పగించి నన్ను నా పనికి పంపుతామన్నారు. నేను ఒప్పుకున్నా. ఇప్పుడు నీ ముఖం చూస్తుంటే సిగ్గుగా ఉంది.”

అతుల్య మళ్ళీ కిటికీ బయటి గోడ వైపు చూసింది. “అయితే రావద్దంటారా?”

“రావద్దని నేనెందుకంటాను? వచ్చి చూసుకోమంటా. రెండు రోజులు ఇక్కడ ఉండు, నాతో పాటు లేచి, నాతో పాటు పడుకో. మొదటి పూట చూసి ఏమీ తేల్చకు, అందరూ నీకు మర్యాద చేస్తారు. రెండో రోజు సాయంత్రం గిన్నెల దగ్గర నీ నోట్లోంచి ఏం మాట వస్తుందో విను.”

“మీరు అలాగే చూసి వచ్చారా?”

“ఇక్కడికా? ఇక్కడికి బావి గురించి అడిగొచ్చాను,” అంది సజిత. లేచి చేతులు కడుక్కుంది. “ఇప్పుడు చేరుతున్న పనికి మాత్రం చూసుకున్నా. రా, మీ మామకి దాహమేస్తోంది.”

కట్టెల కొట్టంలో గోనెపట్టా లాగేసింది. చూడీదార్ చున్నీని నడుముకి బిగించి, కత్తి, తాడు దోపుకుని, వంటింటి వెనక ఉన్న చెట్టుకి మెషీను తగిలించింది. తలెత్తి గొంతంతా పెట్టి కూత పెట్టింది.

“కూ...య్!”

“దింపేవాడొచ్చాడు!” హాల్లో విలాసిని ఎగిరి గంతేసినంత పనిచేసింది. “సుధీషూ, పోనివ్వకు, పట్టుకో వాణ్ణి! ముందు మన చెట్లే అని చెప్పు!”

అందరూ ఒక్కసారిగా పెరట్లోకి పరిగెత్తుకొచ్చారు. చుట్టాలు కూడా. ఇల్లు చూడ్డానికి వచ్చిన మగవాళ్ళు ఇంటి వెనక్కి రావడం బహుశా ఆ ఊళ్ళో అదే మొదలు. అప్పటికి సజిత బాత్‌రూమ్ కప్పు ఎత్తు దాటేసింది. కూర్చోవడం, లేవడం, కూర్చోవడం, లేవడం.

“సజీ!” సుధీష్ గొంతు కీచుమంది. “ఏం చెప్పాను నీకు? కుదిరేదాకా అన్నానా లేదా?”

“కుదరడం కుదరకపోవడం ఆ పిల్ల చేతిలో పెట్టేశా చేట్టా,” పైనుంచి అరిచింది సజిత. “ఇంక దాచడానికేం మిగల్లేదు.”

“భగవతీ!” విలాసిని గుండెలు పట్టుకుంది. “పరువు తీసేసింది! ఎవరైనా దాన్ని దింపండ్రా!”

ఎవరు దింపుతారు, దింపేవాళ్ళు లేకే కదా ఇదంతా. సజిత మొవ్వు అందుకుంది. సీటు మీద సర్దుకుని కూర్చుని, లేత గెల కోసి, తాడు కట్టి, ఒక్క బొండం కూడా పగలకుండా మెల్లగా కిందికి వదిలింది. నేలకి తాకాక తాడు విదిలించి పైకి లాక్కుంది. ప్రభాకరన్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తర్వాత ఒక బొండం చెక్కించుకుని గుటగుటా తాగి, మూతి తుడుచుకుని, తాగినంతసేపూ ఎదురుగా కనపడిన దాన్ని గురించి అడిగాడు. “ఇదా వంటిల్లు? కిటికీ ఒక్కటేనా? ఈ బండ మీద ఇంత ఎండలోనా ఉతకడం?”

అతుల్య అజేష్ వైపు తిరిగింది. “మీకు పుట్టు చెయ్యడం వచ్చా?”

పైన సజిత కత్తి ఆపి వింది. అజేష్ వాళ్ళమ్మ వైపు చూశాడు.

“ఆవిడ వైపు చూస్తావేంటయ్యా, అడిగింది నిన్ను,” అన్నాడు ప్రభాకరన్.

“రాదు,” అన్నాడు అజేష్. వాళ్ళమ్మ మీంచి చూపు తిప్పుకుని, “నేర్చుకుంటా,” అన్నాడు.

“శనివారం వస్తా. రెండు రోజులుంటా, చేచ్చి గదిలోనే పడుకుంటా,” అంది అతుల్య. “మీరు కూడా సెలవు పెట్టుకుని రండి. ఆదివారం సాయంత్రం చెప్తాను.”

సుధీష్ చెట్టు మొదట్లో పడ్డ పొట్టు కాలితో నెట్టాడు. సజితకి అతన్ని చూస్తే జాలి వేసింది. పుట్టు నేర్పాల్సిన మగవాళ్ళు ఈ ఇంట్లో ఇద్దరున్నారు, రేపటినించే మొదలుపెట్టాలి అనుకుంది.

పైన గాలి బావుంది. అవతల ఏరు మెరుస్తోంది, రేవులో పడవ ఉంది. కింద విలాసిని తల పైకెత్తి చూస్తోంది. గెలల్ని చూసింది, నేల మీద బొండాల గుట్టని చూసింది, ఆవురావురుమని తాగుతున్న చుట్టాల్ని చూసింది, బాత్‌రూమ్ రేకు మీదికి వేలాడుతున్న ఎండుమట్టని చూసింది. ఆమె ముఖంలో కోపం కొంచెం కొంచెంగా లెక్కలోకి దిగింది.

“సజితా!”

“ఆఁ, అమ్మా!”

“పైన కూర్చునే ఉన్నావుగా,” అంది విలాసిని, “ఆ ఎండుమట్టలు కూడా లాగి పడెయ్యి. ఆ పక్క చెట్టు కూడా చూసెయ్యి.”

అతుల్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సజిత మోకాళ్ళు అలవాటుగా లేవబోయాయి. ఆమె వాటిని ఆపి, సీటు మీద ఇంకాస్త స్థిమితంగా కూర్చుంది.

“అన్నీ చూస్తానమ్మా. చెట్టుకింత కూలి మరి, తంకమణి చేచ్చికి ఇచ్చేదే.”

“ఇంటి చెట్టుకి కూలేంటే? ఇంటి మనిషివి, ఊరికే చెయ్యకూడదూ?”

“ఊరికే చేసే పని ఎలా ఉంటుందో ఆఖరి చెట్టుదాకా చూశానమ్మా,” అంది సజిత. “అందుకే మానేస్తున్నా.”